మెల్లగా తిరిగితే తిరగనీ

పోయిన సంక్రాంతి సెలవులకి ఎర్రమంచి వెళ్లినప్పుడు తాత బీరువాలోంచి ఒక సీడీ తీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద నల్ల మార్కర్‌తో "రాయబారం 2009" అని రాసుంది. మా ఊర్లో గుడి ముందర వేసిన పద్యనాటకం అది. కృష్ణుడి వేషం తాతది. అప్పుడు నాకు మూడేళ్లు, ఏమీ గుర్తు లేదు. స్టూడియో అతను మైకు సెట్టు నుంచి రికార్డు చేసి రెండు సీడీలు ఇచ్చాడంట, ఇది మొదటిది.

"దీన్ని ఫోన్లోకి ఎక్కించియ్యి రా" అన్నాడు తాత.

"ఐదు నిమిషాల పని తాతా" అన్నాను. కంప్యూటర్ సైన్స్ చదివేవాడు ఇంకేమంటాడు?

నలభై నిమిషాలైంది. మూడు ట్రాకులు ఎక్కాయి. తాత రెండుసార్లు వచ్చి "ఇంగా అయిపోలేదా?" అని అడిగి పోయాడు. నా లాప్‌టాప్ కొని ఏడాది కాలేదు. పదహారు జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అన్నీ ఉన్నాయి. హిందూపురంలో మా మామ పాత డెస్క్‌టాప్ మాత్రం సినిమా పాటల సీడీని ఐదారు నిమిషాల్లో కాపీ చేసేది. కొత్తది ఎందుకు ఇంత నిదానం?

మనందరం చేసే తప్పే నేనూ చేశాను. కంప్యూటర్‌ని అనుమానించాను. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ దాదాపు ఖాళీగా కూర్చుంది. అప్పుడు అర్థమైంది, ఇక్కడ పని చేసేది లాప్‌టాప్ కాదు, సీడీ డ్రైవు. కొత్త లాప్‌టాపుల్లో డ్రైవే ఉండదు. మా ఊరి దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి తయారవుతున్న సెల్టాస్‌లో కూడా సీడీ పెట్టే సందు లేదు. నేను వాడింది మామ దగ్గర అడిగి తెచ్చిన పల్చటి యూఎస్‌బీ డ్రైవు. పాత డెస్క్‌టాప్‌లో ఉండేది 52 ఎక్స్ డ్రైవు, కరెంటు నేరుగా అందేది. ఈ పల్చటిది మహా అయితే 24 ఎక్స్. అది కూడా డిస్కు బయటి అంచు దగ్గరే. సీడీ చదవడం లోపలి నుంచి మొదలవుతుంది కాబట్టి మొదటి ట్రాకులు ఎప్పుడూ నిదానమే.

తర్వాత ఒక్కొక్కటీ మార్చి చూశాను. డ్రైవుని యూఎస్‌బీ హబ్‌కి పెట్టి ఉన్నాను. మౌసు, పెన్‌డ్రైవు కూడా దానికే. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంప్స్, దాన్ని ముగ్గురు పంచుకుంటే మోటారుకి ఏం మిగులుతుంది? నేరుగా లాప్‌టాప్‌కి పెట్టాను. మధ్యమధ్యలో ఆగిపోవడం తగ్గింది, కానీ తాత సీడీ వేగం పెద్దగా పెరగలేదు. ఇంట్లో ఉన్న ఒక సినిమా సీడీ పెడితే చకచకా కాపీ అయింది. అంటే డ్రైవు మంచిదే, కేబులు మంచిదే. తేడా తాత సీడీలో ఉంది.

సెట్టింగ్స్‌లో వెతికితే "ఎర్రర్ కరెక్షన్" అని ఒక టిక్కు కనిపించింది. తీసేశాను. ఎనిమిది నిమిషాల్లో మొత్తం ఎక్కేసింది! గెలిచినట్టు తాతకి ఇయర్‌ఫోన్ పెట్టి వినిపించాను.

నాలుగో ట్రాకులో తాత చెయ్యెత్తి ఆపమన్నాడు. "ఆ రాగంలో నేను ఊపిరి తీసుకోలేదు రా. నడిమిట్లో ఏదో తెగిపోయింది" అన్నాడు.

నాకు వినపడలేదు. మళ్లీ పెట్టి చూస్తే నిజంగానే చిన్న టిక్కు శబ్దం, దాని వెంట ఒక అర సెకను గల్లంతు. తాతకి ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు, ఆయాసం. ఆ రాగం మళ్లీ తీయలేడు. నేను ఎనిమిది నిమిషాల కోసం పారేసింది అది.

ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్నది ఇదే. నిదానం ప్రతిసారీ జబ్బు కాదు. ఆ డ్రైవు గీత పడిన చోట ఆగి, మళ్లీ మళ్లీ చదివి, సరిగ్గా వచ్చిందా అని చూసుకుంటోంది. నేను దాన్ని "స్లో" అని తిట్టి నోరు నొక్కాను.

ఫైళ్లు దాచే డేటా సీడీలో ఒక్కో సెక్టారులో 2352 బైట్లుంటే మన ఫైలుకి వాడేది 2048 మాత్రమే. మిగతాదాంట్లో చాలా భాగం తప్పులు పట్టి దిద్దడానికే. ఆడియో సీడీలో ఆ 2352 మొత్తం పాటకే పోతుంది, ఆ అదనపు కాపలా ఉండదు. కింది స్థాయిలో రీడ్ సోలమన్ కోడ్ ఒకటి ఉంటుంది, ట్రాకు వెంబడి సుమారు 2.5 మిల్లీమీటర్ల దెబ్బ వరకు దిద్దగలదు. అది దాటితే ప్లేయరు అటూ ఇటూ చూసి మధ్యది ఊహించి వాయిస్తుంది. అందుకే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి సాఫ్ట్‌వేర్ ఒక్కో ముక్కని కనీసం రెండుసార్లు చదివి పోల్చుకుంటుంది. హామింగ్ కోడ్‌ని నేను ఐదు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టాను. ఎర్రర్ కరెక్షన్ ఎందుకో తాత చెవి చెప్పేదాకా తెలియలేదు.

ఈసారి సీడీని మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడిచాను. గుండ్రంగా తుడిస్తే గీత ట్రాకు వెంబడే పడుతుంది, అది ఎక్కువ ప్రమాదం. టిక్కు మళ్లీ పెట్టాను. యాభై నిమిషాలు పట్టింది. నాలుగో ట్రాకు తాతకి వినిపించాను. ఏమీ అనలేదు, చివరిదాకా విన్నాడు.

"ఇవన్నీ యాప్‌లో దొరుకుతాయి కదా" అంటారేమో. సినిమా పాటలు దొరుకుతాయి, వాటి కోసం కష్టపడొద్దు. మన ఊరి నాటకం, అవ్వ పాడిన పెళ్లిపాట, భజన గుంపు రికార్డింగు ఎక్కడా దొరకవు. ఇంట్లో రాసిన సీడీల్లో డేటా ఉండే పొర లేబుల్ వైపు సన్నటి పూత కిందే ఉంటుంది. ఎండ, తేమ, పైన పడిన గీతలు దాన్ని తినేస్తాయి. సీడీ పాడైపోతే వెతకడానికి సర్వర్ ఏమీ లేదు.

ఇంకో మాట. సాఫ్ట్‌వేర్‌కి ఈ సీడీ ఏమిటో తెలియదు, అన్నిటికీ "ట్రాక్ 01, ట్రాక్ 02" అని పెట్టింది. అలాగే వదిలేస్తే పదేళ్ల తర్వాత నాకూ తెలియదు. అందుకని తాతని పక్కన కూర్చోబెట్టుకుని ఏ పద్యం, ఎవరు పాడారు, హార్మోనియం ఎవరు అని అడిగి ఫైలు పేర్లు తెలుగులో టైపు చేశాను. ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం నాది, ఒత్తుల దగ్గర తాత నాలుగుసార్లు దిద్దాడు. కాపీ నిదానంగా నడిచిన ఆ యాభై నిమిషాలు ఈ పనికే సరిపోయాయి.

కాబట్టి ఈ సెమిస్టర్ సెలవుల్లో మీ ఇంట్లో బీరువాలు వెతకండి. డ్రైవు లేకపోతే అడిగి తెచ్చుకోండి, నేరుగా పోర్టుకి పెట్టండి, ఎర్రర్ కరెక్షన్ ఆపకండి. ఎంత సేపు పట్టినా పట్టనివ్వండి. ఆ పేర్లు చెప్పగలిగినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి.

రెండో సీడీ ఇంకా తాత బీరువాలోనే ఉంది. దాని మీద గీతలు ఇంకా ఎక్కువ. ఉగాదికి ఊరెళ్తున్నాను, ఈసారి ఐదు నిమిషాలని చెప్పను.