కొట్టకపోతే హింస కాదా?

గృహహింస అనగానే మనకు గుర్తొచ్చేది వాచిన మొహం, పగిలిన గాజులు, తాగొచ్చిన భర్త. దెబ్బ కనబడితే ఊళ్ళో నలుగురూ అడుగుతారు, పెద్దమనుషుల్లో పెడతారు. కానీ ఒంటి మీద ఒక్క దెబ్బ కూడా పడకుండా మనిషిని కట్టిపడేసే హింస ఒకటుంది. దాన్ని ఎవరూ అడగరు. పడేవాళ్ళకే అది హింస అని తెలియదు. ఈ సంచికలో దాని గురించే రాయాలని ఫైనలియర్ అమ్మాయిలం మేమంతా అనుకున్నాం.

మాతోపాటు ఇదే హాస్టల్లో చదివిన ఒక స్నేహితురాలి సంగతి చెబుతాం. పేరు, ఊరు రాయడం లేదు. మా గదిలో అందరికీ లెక్కలు చెప్పింది తనే. డిగ్రీ మధ్యలో పెళ్ళయింది. అబ్బాయి మంచివాడన్నారు. తాగడు, కొట్టడు. మొదట్లో గంటకోసారి ఫోన్ చేసి ఎక్కడున్నావని అడిగితే "ఎంత ప్రేమో" అని మేమే ఆటపట్టించాం. తర్వాత ఆ ఫోన్ ఆయన చేతిలోకి వెళ్ళింది. ఏటీఎం కార్డు అత్తగారి బీరువాలోకి వెళ్ళింది. సర్టిఫికెట్లు "భద్రంగా" దాచారు. పుట్టింటికి వెళ్ళాలన్నా, పరీక్ష ఫీజు కట్టాలన్నా అనుమతి కావాలి. పోయిన వేసవిలో ఒక పెళ్ళిలో కలిసింది. మాతో మాట్లాడుతున్నంతసేపూ భర్త కూర్చున్న వైపే చూస్తోంది. "నన్నేమీ అనరే, బాగానే చూసుకుంటారు" అంది. ఆ రోజు మాకు నిద్ర పట్టలేదు.

జాగ్రత్తకూ పెత్తనానికీ తేడా ఎలా తెలుసుకోవాలి? మాకు తోచిన పరీక్ష ఒక్కటే. "వద్దు" అంటే ఏమవుతుంది? ప్రేమ ఉన్నచోట వద్దంటే కాసేపు అలక, తర్వాత మాట. పెత్తనం ఉన్నచోట వద్దంటే రోజుల తరబడి మౌనం, డబ్బు బంద్, పిల్లల్ని తీసుకుపోతానని, చచ్చిపోతానని బెదిరింపు. అందుకే ఆ అమ్మాయి వద్దనడమే మానేస్తుంది. బయటివాళ్ళకు ఆ కాపురం ప్రశాంతంగా కనిపిస్తుంది.

దీని మీద చర్చ జరిగినప్పుడు ఒక జూనియర్ చెల్లి అడిగింది: "అక్కా, మన హాస్టల్లో కూడా గేటు వేస్తారు కదా, అదీ హింసేనా?" మంచి ప్రశ్న. హాస్టల్ రూలు అందరికీ ఒకటే, నోటీసు బోర్డు మీద ఉంటుంది, నచ్చకపోతే పై అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు. మన స్నేహితురాలి ఇంట్లో రూలు ఒక మనిషి మూడ్‌ని బట్టి మారుతుంది. అర్జీ పెట్టుకునే చోటు లేదు.

లేదని ఆమె అనుకుంటోంది. నిజానికి ఉంది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం (2005) శారీరక, లైంగిక హింసతోపాటు మాటలతో, మానసికంగా, ఆర్థికంగా పెట్టే బాధనూ హింస అనే అంటుంది. ఇల్లు కదలనివ్వకపోవడం, ఎవరినీ కలవనివ్వకపోవడం, ఉద్యోగం మాన్పించడం, ఇష్టంలేని పెళ్ళికి బలవంతపెట్టడం ఫిర్యాదు ఫారంలోనే ఉన్నాయి. ఇది భార్యలకే కాదు, పుట్టింట్లో బాధపడే కూతుళ్ళకూ వర్తిస్తుంది.

కేసు పెడితే భర్త జైలుకు పోతాడు, కాపురం పోతుంది అని చాలామంది భయం. ఈ చట్టం కింద ముందుగా వచ్చేది జైలు కాదు, మేజిస్ట్రేటు ఉత్తర్వు. బాధపెట్టవద్దని, ఇంట్లోంచి వెళ్ళగొట్టవద్దని, ఖర్చులకు డబ్బివ్వమని, ఆమె వస్తువులు ఆమెకివ్వమని ఆదేశిస్తారు. రక్షణ ఉత్తర్వును మీరితేనే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. విడాకులు అడగనక్కర్లేదు. లాయరు ఫీజు మాటేమిటంటే, 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లలకు 1098. కాపురం లేని ప్రేమలకు ఈ చట్టం రాదు. కానీ వద్దన్నా వెంటపడితే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ఉంది.

చట్టం ఉన్నంత మాత్రాన అన్నీ అయిపోవని మాకూ తెలుసు. వాయిదాలకు తిరగాలి, చార్జీలకు డబ్బుండాలి, పుట్టింటివాళ్ళు "సర్దుకుపో" అంటారు. అందుకే పాత విద్యార్థులను అడుగుతున్నాం. మీలో లాయర్లున్నారు, టీచర్లున్నారు, పోలీసు ఉద్యోగులున్నారు. ఏడాదికోసారి వచ్చి సన్మానం చేయించుకుని వెళ్ళడం కాదు, ఆపదలో ఉన్న చెల్లెలితో ఒకరోజు కోర్టుకు తోడు వెళ్ళండి. చెల్లెళ్ళారా, మీ సర్టిఫికెట్ల కాపీలు నమ్మకమైన మరోచోట పెట్టుకోండి. బ్యాంకు ఖాతా పిన్ ఎవరికీ ఇవ్వకండి. పెళ్ళయి వెళ్ళిన స్నేహితురాలు ఫోన్ ఎత్తకపోతే "మర్చిపోయింది" అనుకోకండి, ఇంకోసారి చేయండి. బాలుర హాస్టల్ తమ్ముళ్ళకూ ఒక మాట. చెల్లి ఫోన్ లాక్కుని చూడటం కాపాడటం కాదు.

ఈ సంచిక మా స్నేహితురాలికి పోస్టులో పంపలేం. ఆ కవరు ముందుగా ఎవరు విప్పుతారో మాకు తెలుసు. ఒక కాపీ పక్కన పెట్టాం, కలిసినప్పుడు చేతికే ఇస్తాం. తను లెక్కల్లో గట్టిది. తన దగ్గర్నుంచి ఏమేం పోయాయో లెక్క తనే వేసుకోగలదు.