ఆకే కదా మామూ!

పోయిన నెల ఒకే వారంలో మా ఖాందాన్‌లో రెండు మాటలు విన్నాను. రెండూ గంజాయి గురించే. రెండూ తప్పే. మొదటిది విని నవ్వొచ్చింది. రెండోది విని కడుపు మండింది.

మొదటి మాట మా భాంజా అన్నాడు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. వలీమా దావత్ అయ్యాక మిద్దె మీద కుర్రాళ్లంతా కూర్చున్నారు. కాలేజీల్లో గంజాయి సంగతి వచ్చింది. "మామూ, షరాబ్ హరామ్, ఒప్పుకుంటా. ఇది ఆకే కదా మామూ! అల్లాహ్ పుట్టించిన మొక్క. ఫ్యాక్టరీ సరుకు కాదు. అమెరికాలో డాక్టర్లే దవాగా రాసిస్తున్నారు" అన్నాడు. పక్కనున్న నలుగురూ తలలూపారు.

రెండో మాట ఫోన్లో. మా ఖాలా కూతురు షికాగోలో ఉంటుంది. ఆమె చిన్నపాపకు డ్రావే సిండ్రోమ్, అంటే పుట్టిన మొదటి ఏడాదిలోనే మొదలయ్యే మొండి మూర్ఛ. ఎన్ని మందులు మార్చినా ఫిట్స్ ఆగలేదు. చివరికి డాక్టర్లు కన్నాబిడియోల్ అనే ద్రవం రాశారు. అది గంజాయి జాతి మొక్క నుంచి తీసిందని ఇక్కడ మన బుజుర్గులకు తెలిసింది. ఇక ఫోన్ల మీద ఫోన్లు. "బచ్చీకి గాంజా షర్బత్ పోస్తావా? నీకు దీన్ ఉందా?" అని. ఆమె భయపడి రెండు రోజులు దవా ఆపేసింది. మూడో రోజు పాపను ఎమర్జెన్సీకి తీసుకెళ్లాల్సి వచ్చింది.

భాంజా "మొక్క" అన్న పేరు చూసి హలాల్ అనేశాడు. బుజుర్గులు "గాంజా" అన్న పేరు చూసి హరామ్ అనేశారు. లోపల ఏముందో ఇద్దరూ చూడలేదు. ఇద్దరిదీ ఒకటే జహాలత్. పేరు పట్టుకుని తగువాడే ముందు ఆ మొక్కలో ఏముందో చూద్దాం రండి.

భంగ్ అన్నా, గంజాయి అన్నా, చరస్ అన్నా మొక్క ఒకటే. భంగ్ అంటే ఆకు. గంజాయి అంటే ఆడమొక్క పూల గుత్తులు. చరస్ అంటే ఆ పూల మీది జిగురు. ఆ పూలను భూతద్దంతో చూస్తే సన్నని నూగు కనబడుతుంది. ఒక్కో నూగు కొసన చిన్న తిత్తి. అసలు సామాను అంతా ఆ తిత్తుల్లోని జిగురులో ఉంది. అందులో వందకు పైగా రసాయనాలున్నాయి. మన తగువుకు కావలసినవి రెండే: టీహెచ్‌సీ, సీబీడీ.

పచ్చి మొక్కలో టీహెచ్‌సీ దాదాపు ఉండదు. ఉండేది దాని ఆమ్లరూపం, టీహెచ్‌సీఏ. దానికి నషా ఎక్కించే గుణం లేదు. ఎండబెట్టి, నిల్వ పెట్టి, నిప్పు పెట్టినప్పుడు ఆ అణువు నుంచి ఒక కార్బన్ డయాక్సైడ్ ఊడిపోతుంది. మిగిలేది టీహెచ్‌సీ. ఎండడంలో ఈ మార్పు కొంచెం కొంచెంగా జరుగుతుంది, నిప్పు తగిలితే క్షణాల్లో అయిపోతుంది. చిలుం పీల్చేవాడు, పాలలో భంగ్ కాచేవాడు తెలియకుండానే ఈ కెమిస్ట్రీ చేస్తున్నారు. పాలే ఎందుకంటే, టీహెచ్‌సీ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది.

బేటా, ఇప్పుడు చెప్పు. ద్రాక్షపండు కూడా అల్లాహ్ పుట్టించిందే కదా? తింటే హలాల్. దాని రసం పులిస్తే ఖమర్. ద్రాక్షకు పులియడం ఎలాగో గంజాయికి వేడి అలాగ. నువ్వు పీల్చేది అల్లాహ్ పుట్టించిన ఆకును కాదు, నువ్వు అగ్గిపుల్లతో తయారు చేసుకున్న నషాను. ఫ్యాక్టరీ లేదంటావా? నీ వేళ్ల మధ్య ఉన్నదే ఫ్యాక్టరీ. ఉమ్మెత్త కూడా మొక్కే, నల్లమందు కూడా మొక్క పాలే. మొక్క అన్నది దలీల్ కాదు.

"ఖురాన్‌లో గాంజా పేరు లేదు" అనేవాళ్లు ఇంకొందరు. ఈ మాట కొత్తది కాదు. ఏడు వందల ఏళ్ల కింద డమాస్కస్‌లో, కైరోలో హషీష్ తినేవాళ్లు ఇదే అన్నారు. 1328లో వఫాత్ అయిన ఇబ్నె తైమియా దాన్ని గట్టిగా ఖండించారు. ఆయన తర్వాతి తరంలో జర్కషీ ఆ ఒక్క విషయం మీదే రిసాలా రాశారు. వాళ్లు చూసింది పేరును కాదు, పనిని. అక్ల్‌ను కప్పేసేది ఏదైనా ఖమరే, ఎక్కువ తీసుకుంటే మత్తెక్కించేది కొంచెమైనా హరామే అన్నది మనకు హదీసుల నుంచి అందిన ఉసూల్. అక్ల్‌ను ఏది కప్పేస్తుందో, ఎలా కప్పేస్తుందో ఆ రోజుల్లో తెలియదు. ఇప్పుడు తెలుసు.

1964లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో రఫాయెల్ మెషూలమ్, యెహియెల్ గావోని అనే ఇద్దరు శాస్త్రవేత్తలు టీహెచ్‌సీని శుద్ధంగా వేరుచేసి దాని నిర్మాణం తేల్చారు. ఎవరి దేశం అని ముఖం తిప్పుకోకండి, ఇల్మ్ ఎవరి దగ్గర దొరికినా ఇల్మే. 1988లో మెదడు కణాల మీద అది అతుక్కునే చోటు దొరికింది. దాని పేరు సీబీ1. తాళంలో చెవి దూరినట్టు టీహెచ్‌సీ అందులో దూరుతుంది. ఆ తాళం గంజాయి కోసం పెట్టింది కాదు. మన శరీరమే తయారు చేసుకునే చెవి ఒకటుంది. అది 1992లో బయటపడింది. దానికి మన 'ఆనందం' మాట తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టారు. శరీరం దాన్ని కావలసినప్పుడు కావలసినంతే తయారు చేసుకుని, పని కాగానే విరిచేస్తుంది. టీహెచ్‌సీ అలా త్వరగా పోదు. తాళంలో దొంగచెవి ఇరుక్కున్నట్టే.

ఆ తాళాలు ఎక్కువగా ఉన్నదెక్కడ? జ్ఞాపకం నిలిపే భాగంలో, కాళ్లూచేతుల అదుపు చూసే భాగంలో, కాలం లెక్క తెలిసే భాగంలో. అందుకే దమ్ము లాగినవాడు ఇప్పుడే చదివిన పేజీ మర్చిపోతాడు. ఐదు నిమిషాలు గంటలా అనిపిస్తుంది. బండి నడుపుతుంటే బ్రేక్ ఆలస్యంగా పడుతుంది. అక్ల్ మీద పరదా అంటే ఇదే. ఇది ఖమర్ కాకపోతే ఇంకేది ఖమర్?

"షరాబ్‌లా కాదు, దీంతో ఎవరూ చావరు" అన్న మాటకు కూడా జవాబు చెప్తా. శ్వాసను నడిపే మెదడు కాండంలో సీబీ1 తాళాలు చాలా తక్కువ. అందుకే నల్లమందులా ఇది ఊపిరి ఆపి చంపడం అరుదు. ఉన్నది ఉన్నట్టే ఒప్పుకుంటున్నాను. కానీ షరాబ్ కొన్ని గంటల్లో ఒంట్లోంచి పోతుంది. టీహెచ్‌సీ కొవ్వులో దాక్కుంటుంది. రోజూ తాగేవాడు మానేసినా దాని జాడ మూత్రంలో వారాల తరబడి కనబడుతుంది. గల్ఫ్ వీసా మెడికల్ కోసం లైన్లో నిలబడే పిల్లలున్న మొహల్లాలో ఇది చిన్న విషయమా?

ఇరవై ఏళ్లు దాటినా మెదడు ఇంకా పూర్తిగా ఎదిగి ఉండదు. గంజాయి వాడినవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరు దానికి బానిస అవుతారని, టీనేజ్‌లోనే మొదలుపెట్టినవాళ్లలో ఆరుగురిలో ఒకరని డాక్టర్ల లెక్క. చిన్న వయసులో మొదలుపెట్టి గాఢమైన సరుకు రోజూ పీల్చేవాళ్లకు ఉన్మాదం ముప్పు పెరుగుతుంది. సరుకు కూడా పాతకాలం సరుకు కాదు. అమెరికాలో పట్టుబడిన గంజాయిలో టీహెచ్‌సీ 1995లో సుమారు 4 శాతం, 2014లో సుమారు 12 శాతం. మన దగ్గర ఏజెన్సీ నుంచి చిన్న సీసాల్లో దిగే హాష్ ఆయిల్ అంటే ఆ జిగురును పిండి చిక్కబరచిందే. ఒక్క చుక్కలో ఎంత ఉందో అమ్మేవాడికీ తెలియదు.

ఇక బుజుర్గుల వైపు తిరుగుతాను. గుస్తాఖీ అనుకోకండి.

సీబీడీ అణువులో 21 కార్బన్లు, 30 హైడ్రోజన్లు, 2 ఆక్సిజన్లు. టీహెచ్‌సీలోనూ అవే 21, 30, 2. బరువు కూడా ఒకటే. తేడా అల్లికలో. టీహెచ్‌సీలో ఒక ఆక్సిజన్ వంగి చుట్టు కట్టి ఉంటుంది. సీబీడీలో ఆ చుట్టు విడిపోయి ఉంటుంది. ఆ ఒక్క చుట్టు తేడాతో సీబీడీ ఆ తాళంలో సరిగా దూరదు. నషా రాదు. ఒకే ఇంటి ఇద్దరన్నదమ్ములు, ఒకడు దొంగ, ఒకడు దొర. తమ్ముణ్ణి అన్న నేరానికి శిక్షిస్తారా?

2017లో అచ్చయిన పరీక్షలో డ్రావే జబ్బున్న 120 మంది పిల్లలు పాల్గొన్నారు. సీబీడీ తీసుకున్నవాళ్లలో మూర్ఛలు నెలకు సుమారు 12 నుంచి 6కు తగ్గాయి. ఉత్త ద్రవం తీసుకున్నవాళ్లలో దాదాపు మార్పు లేదు. 2018లో అమెరికా ప్రభుత్వం ఎపిడియోలెక్స్ పేరుతో దాన్ని మందుగా ఒప్పుకుంది. నిద్రమత్తు వస్తుంది, లివర్ పరీక్షలు చేయిస్తూ ఉండాలి. అది మందే, జమ్‌జమ్ నీళ్లు కాదు. కానీ డాక్టర్ చేతిలో కొలిచి ఇచ్చే మందు. మూర్ఛ మందును ఉన్నట్టుండి ఆపడం పిల్ల ప్రాణానికి ముప్పు.

ఇంకో సంగతి. ఆ మందులో నువ్వుల నూనెతో పాటు కొంచెం ఆల్కహాల్ కూడా ఉంది. డబ్బా మీదే రాసి ఉంటుంది. అది నిజంగా ఆలిమ్‌ను అడగవలసిన సవాల్. జరూరత్ ఉన్నచోట షరియత్ ఏమంటుందో ఆయన చెప్తారు. ఫోన్ చేసిన తొమ్మిది మందిలో ఒక్కరైనా ఆ సవాల్ అడిగారా? లేదు. "గాంజా" అన్న పేరుకే ఉలిక్కిపడ్డారు. దగ్గు మందు సీసా మీద ఏం రాసి ఉందో ఈ తొమ్మిది మందీ ఎప్పుడైనా చదివారా?

ఈ గందరగోళంలో లాభం ఎవరికి? అమ్మేవాడికి. ఆ మూర్ఛ మందుకు వచ్చిన మంచిపేరును అడ్డం పెట్టుకుని "సీబీడీ ఆయిల్, నొప్పికి, నిద్రకు, షుగర్‌కు" అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. 2017లోనే అమెరికాలో అలాంటి 84 సరుకులు కొని పరీక్షిస్తే, సీసా మీద రాసినంత సీబీడీ సరిగా ఉన్నవి 26. పద్దెనిమిదింటిలో టీహెచ్‌సీ బయటపడింది. పైగా సీబీడీని ఆమ్లంతో కలిపితే విడిపోయిన ఆ చుట్టు మళ్లీ కట్టుకుని టీహెచ్‌సీ అవుతుంది. అలా మత్తు సరుకు తయారుచేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. గల్ఫ్‌కు వెళ్లే అన్నకు మోకాళ్ల నొప్పికని ఆ సీసా పెట్టెలో పెడతారేమో, ఖబర్దార్. దాన్ని నేరంగా చూసే దేశాలు అక్కడ ఉన్నాయి.

గంజాయి చాక్లెట్లు ఇంకా మోసం. పొగ నిమిషాల్లో తెలుస్తుంది. తిన్నది లివర్ దాటాకే పని చేస్తుంది, అక్కడ అది ఇంకా గట్టి మత్తుగా మారుతుంది. గంట దాకా ఏమీ అనిపించదు. "ఏమీ కాలేదు" అని పిల్లవాడు ఇంకొకటి తింటాడు. తర్వాత రెండూ కలిసి కొడతాయి. ఇంట్లో చిన్నపిల్లలకు దొరికితే నేరుగా ఆస్పత్రే.

చివరిమాట మన ఖామోషీ గురించి. మనకు రెండే వచ్చు. దాచడం, లేదా మింబర్ మీంచి "ఒక్క దమ్ము లాగితే పిచ్చెక్కి చస్తారు" అని భయపెట్టడం. కుర్రాడు ఒక్క దమ్ము లాగుతాడు. చావడు. పిచ్చెక్కదు. ఆ రోజు నుంచి మీరు చెప్పిన నిజాలను కూడా నమ్మడు. అబద్ధంతో హరామ్‌ను కాపాడాల్సిన గతి మనకు లేదు, నిజమే సరిపోతుంది. ఖతీబ్ సాహెబ్‌లు ఒక్క జుమా బయాన్‌కు ముందు మొహల్లా డాక్టర్ పక్కన గంటసేపు కూర్చోండి.

అమ్మీలూ, అబ్బాలూ, కొడుకు దారి తప్పాడని తెలిస్తే గదిలో పెట్టి తాళం వేయకండి. తావీజుతో ఆగిపోకండి. దుఆ చేయండి, డాక్టర్ దగ్గరికీ తీసుకెళ్లండి. వాడుకునే అలవాటుకు, చిన్న మొత్తానికి దొరికినవాడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపున్న ఆస్పత్రిలో చికిత్సకు ముందుకొస్తే విచారణ నుంచి మినహాయింపు ఇచ్చే సెక్షన్ 64ఏ ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది. వకీల్‌ను అడగండి. "ఈ బ్యాగ్ అక్కడ ఇచ్చి రా, రెండు వేలిస్తా" అన్న మాటకు మోసపోయిన పిల్లల గతి వేరు. 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గని జైలు.

మా భాంజాకు ఇదంతా ఆ రాత్రే చెప్పాను. కాసేపు ఊరుకుని, "మామూ, ఇవన్నీ ముందు ఎవరూ చెప్పలేదే" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. షికాగోలో పాపకు దవా మళ్లీ మొదలుపెట్టారు. అల్హందులిల్లాహ్, ఇప్పుడు బాగుంది. ఆ తొమ్మిది మందిలో ఇద్దరు మాత్రమే ఫోన్ చేసి ఆ తల్లిని మాఫీ అడిగారు. మిగతా ఏడుగురూ ఇది చదువుతారని ఉమ్మీద్.