ఆ బ్యాటరీ తీసెయ్యండి

మన తెలుగువాళ్ళ గరాజీల్లో కార్లు ఉండవు. బియ్యం బస్తాలు, ఇండియా నుంచి ఎప్పుడో మోసుకొచ్చిన గ్రైండరు, పిల్లలకి పొట్టయిపోయిన సైకిళ్ళు ఉంటాయి. కొలంబస్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక మిత్రుడి గరాజీలో మాత్రం పెద్ద బల్ల ఉంది. దాని నిండా రాగితీగ చుట్టలు, అయస్కాంతాలు, వాటి మధ్య ఒక బుల్లి ఎల్‌ఈడీ. శనివారం భోజనాలయ్యాక మగవాళ్ళందర్నీ అక్కడికి తీసుకెళ్ళి, లైట్లార్పి, దాన్ని వెలిగిస్తాడు.

"చచ్చిపోయిన బ్యాటరీ ఇది! మరి ఎనర్జీ ఎక్కణ్ణుంచి వస్తోందంటారు?"

మేం పదిమందిమి, అందరం ఇంజనీర్లమే, నోట్లో వక్కపొడి వేసుకుని తలలూపుతాం. భోజనం పెట్టిన ఇంట్లో ఎదురు మాట్లాడతామా?

నేనూ ఊపాను. ఈ వ్యాసం అందుకే.

ఆ బల్బు వెలగడంలో మోసమేమీ లేదు. ఆ సర్క్యూట్‌ని జూల్ థీఫ్ అంటారు. 1999లో ఒక బ్రిటిష్ ఎలక్ట్రానిక్స్ పత్రికలో వచ్చాక అది ప్రపంచమంతా పాకింది. ఒక ట్రాన్సిస్టరు, ఒక రెసిస్టరు, ఫెరైట్ రింగు మీద రెండు తీగచుట్లు, అంతే. టార్చిలైటు ఇక పనికిరాదని పారేసిన సెల్లులో కూడా కొంత సరుకు మిగిలే ఉంటుంది. తెల్ల ఎల్‌ఈడీకి మూడు వోల్టుల దాకా కావాలి, ఆ సెల్లు ఒక వోల్టు కూడా ఇవ్వలేదు. ట్రాన్సిస్టరు సెకనుకి వేలసార్లు కాయిల్లోకి కరెంటు వదిలి, ఠక్కున ఆపేస్తుంది. ఆపినప్పుడల్లా కాయిలు ఎక్కువ వోల్టేజీతో ఒక విసురు విసురుతుంది. ఆ మిణుకులు మన కంటికి ఆనవు. పిసికేసిన చింతపండు పిప్పిని మళ్ళీ నానేసి చారు కాచినట్టన్నమాట. దొంగ అని పేరులోనే ఒప్పుకుంది పాపం. దోచుకునేది ఆకాశం నుంచి కాదు, ఆ సెల్లు నుంచే. చక్కటి సర్క్యూటు, మా అమ్మాయి చేత నేనే చేయించాను.

నా తగువు ఆ తర్వాతి వాక్యంతో. "దీన్నే పెద్దది చేస్తే ఇల్లంతటికీ కరెంటు."

లెక్కలు కూడా చూపిస్తాడు. ఇంటి కరెంటు లాంటి నున్నటి అలని కొలవడానికి చేసిన చవక మీటరుని ఈ ముళ్ళలాంటి తరంగాల మీద పెడితే అది నోటికొచ్చిన అంకె చెబుతుంది. వోల్టేజీ శిఖరాన్నీ కరెంటు శిఖరాన్నీ, రెండూ వేరువేరు క్షణాల్లో వచ్చినా సరే, గుణించేస్తే కావలసినన్ని వాట్లు. వాడి పక్కన పెట్టిన బ్యాటరీలో కాసేపటికి వోల్టేజీ దానంతటదే కొంచెం లేస్తుంది. దాన్ని చార్జయిందంటాడు. "మూడు రోజులు వెలిగిందండీ!" వెలగదూ మరి? 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 84 వాట్-అవర్లుంటాయి. ఒక వాటు బల్బు మూడు రోజులు దాటి వెలగాలి. ఆ అద్భుతమంతా కలిపితే కరెంటు బిల్లులో ఒక యూనిట్‌కి పన్నెండో వంతు.

ఇంతకంటే తేలిక పరీక్ష ఉంది. వచ్చేది పెట్టినదానికంటే ఎక్కువైతే, వచ్చినదాన్నే తిప్పి లోపలికి ఇచ్చి, బ్యాటరీ తీసెయ్యండి. నడవాలి కదా? "ఇంకా ట్యూనింగ్ కావాలి" అంటారు. భాస్కరాచార్యుడు పన్నెండో శతాబ్దంలోనే పాదరసం పోసిన చక్రం తనంతట తనే తిరుగుతుందని రాశాడని మావాడి వాదన. రాశాడు, నిజమే. తొమ్మిది వందల ఏళ్ళు కావస్తోంది, ఆ ట్యూనింగ్ ఇంకా కుదరలేదు. పారిస్ సైన్సు అకాడమీ ఇలాంటి యంత్రాల ప్రతిపాదనలు ఇక చూడమని 1775లోనే తలుపేసేసింది. టెస్లా పేరు ఎత్తేవాళ్ళకి ఒకటే మాట: ఆయన పేటెంట్ల మీద నయాగరాలో కట్టిన కేంద్రాన్ని తిప్పింది నీళ్ళు.

మా ఊరి పొలిమేరలోనే గ్రోవ్ సిటీ ఉంది. నీళ్ళతో కారు నడుపుతానన్న స్టాన్లీ మేయర్‌ది ఆ ఊరే. అతనికి డబ్బు కట్టిన ఇద్దరు కోర్టుకెక్కితే, నిపుణులు ఆ యంత్రం చూసి మామూలు విద్యుద్విశ్లేషణేనన్నారు. 1996లో ఒహాయో కోర్టు అది ఘోరమైన మోసమని తేల్చి, ఇద్దరికీ కలిపి 25,000 డాలర్లు తిరిగి ఇమ్మంది. 1998లో అతను మెదడులో రక్తనాళం చిట్లి పోయాడని కరోనర్ తేల్చినా, మా గరాజీ సభలో మాత్రం చమురు కంపెనీలే విషం పెట్టాయి.

ఇంతవరకూ నవ్వులాటే. ఫ్రీ అన్న మాట మనకి కొత్తా? 2004లో పంపుసెట్లకి ఉచిత విద్యుత్ వచ్చినప్పుడు రైతు కట్టని బిల్లు ఖజానా కట్టింది. ఎవరో ఒకరు కడతారు. ఈసారి కట్టింది మా బాబాయ్.

బాబాయ్ కరెంటాఫీసులో లైన్‌మన్‌గా రిటైరై, భీమవరం దగ్గర రెండెకరాల రొయ్యల చెరువు కౌలుకి తీసుకున్నాడు. రాత్రిపూట ఏరియేటర్లు ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. అందుకే ఒడ్డున డీజిల్ జనరేటరు తప్పదు. ఆ డీజిల్ ఖర్చే ఆయన్ని తినేస్తోంది. ఇంధనం అక్కర్లేని జనరేటరని ఒకాయన తిరుగుతూ వచ్చి, ఫోన్లో ఒక వీడియో చూపించాడట. మా మిత్రుడు సరదాగా వాట్సాప్‌లో పెట్టిందే, చేతులు మారి అక్కడ తేలింది. బాబాయ్ పాత జనరేటరు అమ్మేసి ఆ డబ్బు కట్టాడు. వచ్చిన పెట్టె విప్పితే లోపల రెండు బ్యాటరీలు, ఒక ఇన్వర్టరు. ఒక రాత్రి కరెంటు పోయింది, ఆ పెట్టె ఇరవై నిమిషాలు లాగింది. తెల్లారేసరికి రొయ్యలు ఒడ్డుకొచ్చి తేలాయి.

"లైన్‌మన్‌వి, నువ్వెలా నమ్మావు బాబాయ్?" అని ఫోన్లో కేకలేశాను.

"నాకు అనుమానం వచ్చిందిరా. కానీ ఆ వీడియోలో నువ్వున్నావు కదా. తలూపుతున్నావు."

గరాజీ ప్రయోగాలు మానమని నేననను. కాయిళ్ళు చుట్టండి, ట్రాన్సిస్టర్లు మాడ్చుకోండి, పిల్లల్ని కూర్చోబెట్టుకుని చూపించండి. ఆ బల్ల చుట్టూ చేతులు కట్టుకు నిలబడే నాలాంటి పెద్దమనుషులతోనే నా పోట్లాట. థర్మోడైనమిక్స్‌లో ఏ గ్రేడు తెచ్చుకున్నాం, తప్పని తెలుసు, మొహమాటానికి నోరు మూసుకున్నాం. మన చదువు చూసి అక్కడ ఎవరో జేబులో చెయ్యి పెడతారు.

తర్వాతి శనివారం లైట్లార్పగానే అడిగాను, బ్యాటరీ తీసెయ్యమని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ దారంతా నన్ను తిట్టింది.

బాబాయ్‌కి సెకండ్ హ్యాండ్ డీజిల్ జనరేటరు కొనిచ్చాను. సంగతి తెలిసి మిత్రుడు సగం ఇస్తానన్నాడు. వద్దనలేదు, తీసుకున్నాను.