జారిపడ్డ వాళ్ళ లెక్క

"దెబ్బ డాక్టరుది, నేరం పోలీసుది. మధ్యలో మీకెందుకమ్మా?" అంటారు పెద్దమనుషులు.

ఎందుకంటే చెప్తాను వినండి. వేల్స్ దేశంలో కార్డిఫ్ అనే ఊళ్ళో జొనాథన్ షెపర్డ్ అని ఓ సర్జనుగారు. కొట్లాటల్లో పగిలిన మొహాలు కుట్టీ కుట్టీ ఓ సంగతి కనిపెట్టారు. ఆస్పత్రికొచ్చే దెబ్బల్లో చాలామటుకు పోలీసు రికార్డులో లేనేలేవు! అప్పట్నించీ పేరు చెప్పకుండా ఎక్కడ, ఎప్పుడు, దేంతో కొట్టారన్న లెక్క మాత్రం పోలీసులకీ మునిసిపాలిటీకీ అందించారు. 2011లో అచ్చయిన పరిశోధన ప్రకారం అలాంటి దెబ్బలతో ఆస్పత్రిలో చేరేవాళ్ళు నెలకి లక్షమందికి 7 నుంచి 5కి తగ్గారు. అలాంటివే మరికొన్ని ఊళ్ళలో 5 నుంచి 8కి పెరిగారు.

మరి మన సంగతి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, హింసకి గురయ్యామన్న స్త్రీలలో సాయం అడిగినవాళ్ళు నూటికి 14 మందే. ఆస్పత్రి గడప తొక్కిన ఇల్లాలేమో "బాత్రూంలో జారిపడ్డానండీ" అంటుంది. డాక్టరుగారు కట్టుకట్టి మళ్ళీ ఆ బాత్రూంకే పంపిస్తారు!

మెడికోలీగల్ రిజిస్టరు ఉందిగా అంటారా? అది కోర్టు కోసం. నేనడిగేది ఊరి కోసం. కలరా వస్తే ఏ వీధి, ఏ కుళాయి అని వెతకరూ? ఇదీ అంతే. పేర్లొద్దు బాబూ, పరువు పోనక్కర్లేదు. ఏ పేటలో, ఏ రాత్రి, ఎంతమంది జారిపడుతున్నారో రాయండి చాలు. జారుడు బాత్రూంలో ఉందో, బ్రాందీ షాపులో ఉందో అదే తేలుతుంది.