ఈశ్వరమ్మ కోరిన జలం

సత్యసాయి బాబా జనని ఈశ్వరమ్మ 1972 మే 6న దేహత్యాగం చేసింది. పుట్టపర్తిలో ఏటా ఆ దినమున ఆమె సంస్మరణోత్సవం జరుగుతుంది. అయితే ఆమెను కేవలం మహనీయుని మాతగా స్తుతించి ఊరకుండడం అసంపూర్ణస్మరణమే. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పరిసరాలు అనావృష్టిపీడిత భూములు. బావిచేద లాగిన చేతులకే జలం దైవస్వరూపమని తెలుస్తుంది. పుత్రుని ఆమె అర్థించినవి పాఠశాల, వైద్యశాల, త్రాగునీరు అని భక్తులు చెప్పుకొంటారు. అందులో మోక్షప్రసక్తి లేదు! ఇదే ఆమె భక్తిలోని పరిపక్వత. 1990 దశకంలో సత్యసాయి ట్రస్టు నిర్మించిన పథకం అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు నీరందించింది. కుళాయి వద్ద బిందె నింపుకొని, తొలి చెంబు తులసికోటలో పోసే అవ్వలు ఆ సీమలో నేటికీ ఉన్నారు.