ఆకు కోసినవాళ్ల వాటా సున్నా చేశారెందుకు?

చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అధ్యక్షుల వారికి,

2025 ఏప్రిల్‌లో మీరు ప్రకటించిన లాభాల పంపిణీ నిబంధనలు చదివాక ఊరుకోలేక రాస్తున్నాను. అడవి మూలికలు వాడుకునే సంస్థ టర్నోవర్ ఏడాదికి 5 కోట్ల లోపుంటే వాటాగా పైసా ఇవ్వక్కర్లేదన్నారు. 5 నుంచి 50 కోట్ల దాకా 0.2 శాతం చాలన్నారు. 2014 నిబంధనల్లో అమ్మకం 3 కోట్లు దాటితే 0.5 శాతం లెక్క ఉండేది. ఆ లెక్కన 4 కోట్ల సరుకు అమ్మే యూనిట్ 2 లక్షలు కట్టాలి. ఇప్పుడు సున్నా. ఆ 2 లక్షలు ఎవరికి బరువయ్యాయండీ?

మూలికల సారం తీసే యూనిట్‌లో పనిచేసినవాణ్ణి. డబ్బు ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. పొడపత్రి ఆకును నీళ్లు కలిపిన ఆల్కహాల్‌లో నానబెట్టి రసం దింపుతారు. ఆల్కహాల్‌ను ఆవిరి చేసి, మిగిలిన రసాన్ని రెజిన్ పూసలు నింపిన కాలమ్ గుండా పంపుతారు. ఆ పూసల నిండా కంటికానని రంధ్రాలు. చక్కెరలు, లవణాలు నీళ్లతో పాటు కిందికి పోతాయి. ఆకులో విలువైన జిమ్నెమిక్ ఆమ్లాలు పూసలకు అంటుకుని నిలుస్తాయి. ఆపైన చిక్కటి ఆల్కహాల్ పోస్తే ఊడి వస్తాయి. పూసలు కడిగి మళ్లీ వాడుకోవచ్చు. బస్తాల్లో వచ్చిన ఆకు, ఆ ఆమ్లాలు 25 శాతం, 75 శాతం అని ముద్ర వేసుకున్న పొడిగా బయటికెళ్తుంది. ఆకు కోసినవాళ్లకు మాత్రం ఎండుటాకు ధరే.

సాగు చేసిన మూలికలకు 2023 చట్ట సవరణలోనే మినహాయింపు ఇచ్చారు. స్థానిక జీవవైవిధ్య కమిటీ ధ్రువపత్రం ఉంటే సరిపోతుందట. బస్తాలోని ఆకు చేనిదో, నల్లమల అడవిదో ఆ కమిటీ ఎలా తేలుస్తుంది? తేల్చే మనిషిని, పరికరాన్ని ఎవరిచ్చారు? దేశీయ కంపెనీలూ వాటా ఇవ్వాల్సిందేనని 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు దివ్య ఫార్మసీ కేసులో తేల్చింది కదా, ఆ తీర్పు వెలుగు ఇంత త్వరగా ఎందుకు మసకబారింది? 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయంపై యాజమాన్యం అడవి బిడ్డలదేనంది. యజమానికి లెక్క చెప్పకుండా సరుకు విలువ పెంచుకోవడం ఏ న్యాయం?

తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది, బోడుప్పల్‌లో ఔషధ మొక్కల పరిశోధన సంస్థ సీమ్యాప్ కేంద్రం ఉంది. సారం తీసే ఒక చిన్న కాలమ్ నల్లమలలోని మన్ననూరు దాకా ఎందుకు వెళ్లదు? వన్‌ధన్ కేంద్రాలంటే అడవి సరుకు విలువ పెంచాల్సింది పోయి ఆకులు ఎండబెట్టి సంచుల్లో పోసే చోటుగానే మిగిలిపోవాలా? ప్రతిసారీ కంపెనీల ఇబ్బందులే మీ చెవిన పడతాయా? ఒక్కసారైనా చెంచుల గూడెమైన పెంటకు వెళ్లి ఈ నిబంధనలు తెలుగులో చదివి వినిపించారా?

విసుగుతోనే రాశాను, మన్నించండి. మాట మాత్రం వెనక్కి తీసుకోను. ఈ శ్లాబులను మళ్లీ చూడండి. వాటాను కంపెనీ సైజును బట్టి కాక, అడవి నుంచి తీసిన పదార్థం విలువను బట్టి కట్టండి. అడవి ఇచ్చినదానికి సున్నా అనేది న్యాయమైన ధర కాదు.

ఇట్లు,
మీర్‌పేట్ నుంచి ఒక పౌరుడు