మారు వడ్డించని ఓడ

మా అప్ప రాజాం నుంచి అమెరికా వెళ్లి మొన్ననే తిరిగొచ్చింది. మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు. అమ్మానాన్నల ముచ్చట తీరుద్దామని గాల్వెస్టన్ రేవులో ఓడ ఎక్కించి, ఏడు రాత్రులు కరీబియన్ సముద్రంలో తిప్పి తెచ్చాడు. అప్ప నాకు చాక్లెట్ల పొట్లంతో పాటు ఒక కాగితం కూడా తెచ్చింది. ఓడ దిగే రోజు తెల్లారకముందే గది తలుపు సందులోంచి తోసిన బిల్లు అది.

"ఒరే, తిండీ తిప్పలూ అన్నీ టికెట్లోనే ఉన్నాయని గదరా ఆడు సెప్పినాడు. మరిదేటి?" అంది.

చదివాను. తలకింత, రోజుకింత అని సర్వీసు చార్జీ. బావ తాగిన నాలుగు కాఫీలు. ఉచిత కాఫీ యంత్రం పది అడుగుల్లోనే ఉందట. కానీ ఆ నీళ్లు గొంతు దిగక బావ కౌంటరు దగ్గరికి నడిచాడు. ఆ పది అడుగులకే డబ్బు పడింది. ఇంటర్నెట్టుకు ఒక పద్దు. ఇద్దరినీ మెట్ల మీద నిలబెట్టి నవ్వమని తీసిన ఫొటోకు ఇంకో పద్దు. కంపెనీ పేరు రాయను. రాసినా ఒరిగేదేమీ లేదు, పెద్ద కంపెనీలన్నీ ఒక తాను ముక్కలే.

రాయల్ కరీబియన్ 2017లో గదికి భోజనం తెచ్చిపెట్టినందుకు 7.95 డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టింది. అంతకుముందు పగటిపూట అది ఊరికే వచ్చేది. నార్వీజియన్ కంపెనీవాళ్లు 2023 మొదట్లో, రోజుకు రెండుసార్లు గది సర్దే పద్ధతికి మంగళం పాడి ఒక్కసారికి దించారు. అదే సంవత్సరం సర్వీసు చార్జీ మామూలు గదిలో ఉండేవాళ్లకు తలకు రోజుకు 20 డాలర్లు అయింది. ఇద్దరు, ఏడు రాత్రులు అంటే 280 డాలర్లు. మన డబ్బులో పాతికవేల దాకా. గది సర్దడం సగానికి తగ్గింది, సర్దినందుకు పుచ్చుకునేది పెరిగింది. ఈ లెక్క ఏ బళ్లో నేర్పుతారో గాని మా ఎలిమెంటరీ బళ్లో మాత్రం నేర్పలేదు.

కార్నివాల్ సంగతి మరీ బాగుంది. వాళ్ల పెద్ద భోజనశాలలో రాత్రి పూట రెండు ప్రధాన వంటకాల దాకా పెడతారు. మూడోది అడిగితే 5 డాలర్లు. పారేస్తున్నారు కాబట్టి ఈ కట్టడి అన్నారు. నిజమే కావచ్చు. కానీ 2024లో దాని మాతృసంస్థకు వచ్చిన ఆదాయం సుమారు 2,500 కోట్ల డాలర్లు. అందులో మూడోవంతు టికెట్ల మీద కాకుండా జనం ఓడ ఎక్కాక పెట్టిన ఖర్చు మీద వచ్చింది. టికెట్టు తలుపు మాత్రమే, కొట్టు లోపల ఉంది.

టికెట్టు చవక కదా, అక్కర్లేనివాడు కాఫీ తాగకపోతే సరి అంటాడు మేనల్లుడు. వాడు చదువుకున్నవాడు, వాడి వాదన వాడిది. నా వాదన విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల భోజన హోటళ్లలో పుట్టింది.

'అన్నీ కలిపి' అనే మాటకు మన దగ్గర ఉన్న పేరు ఫుల్ మీల్స్. డబ్బు ముందే ఇచ్చి టోకెను తీసుకుంటావు. ఆకులో ఖాళీ కనబడితే చాలు, కుర్రాడు బకెట్టుతో ప్రత్యక్షం. పప్పు మారు, చారు మారు, అన్నం మారు. మూటలు మోసి వచ్చినవాడు నాలుగుసార్లు పెట్టించుకుంటాడు. పక్కనే కూర్చున్న షుగరు మనిషి సగం వదిలేసి లేస్తాడు. యజమాని ఇద్దరినీ కలిపి చూసుకుంటాడు, లెక్క సరిపోతుంది. తక్కువ తిన్నవాడు, పేరైనా తెలియని పక్కవాడి ఆకలికి కాస్త సాయం పట్టి లేచిపోతాడు. ఇద్దరికీ ఆ సంగతి తెలియదు. ఎవడి ముద్దకు వాడి దగ్గర కట్టించుకుంటే ఆ సాయం పోతుంది. మూటలవాడు మూడో ముద్ద దగ్గర జేబు తడుముకుంటాడు.

పెళ్లి బంతిలో లడ్డూలు లెక్కపెట్టి వేసిన వియ్యంకుడి కథ మా వైపు ముప్ఫై ఏళ్లయినా చెప్పుకుంటారు. పెళ్లికొడుకు రూపురేఖలు ఎవరికీ గుర్తుండవు, ఆ లడ్డూలు గుర్తుంటాయి.

ఇప్పుడా హోటళ్లూ మారిపోతున్నాయి. నేను పాతికేళ్లుగా తింటున్న చోట ఈమధ్య బోర్డు మీద 'ఫుల్' చెరిపి 'ప్లేట్' రాశారు. కూర ఇంకో గిన్నె కావాలంటే విడిగా డబ్బు. పెరుగుకు విడిగా. మొన్న అప్పను అక్కడికే తీసుకెళ్లాను. పాత అలవాటు పోని ముసలి సర్వరొకాయన చారు బకెట్టుతో వచ్చి "మారు పెట్టమంటారా అమ్మా?" అన్నాడు. అప్ప చెయ్యి అడ్డం పెట్టి, "దీనికెంత?" అనడిగింది. ఆయన మొహం చిన్నబోయింది. ఏడు రాత్రుల ఓడ మా అప్పకు నేర్పింది ఇదీ.

చట్టం లేదని కాదు. బిల్లులో సర్వీసు చార్జీ దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది. హోటళ్ల సంఘాలు కోర్టుకు వెళ్లాయి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మాటే ఖాయం చేసింది. మొదట ఒక ధర చూపించి, డబ్బు కట్టే దాకా చుక్కచుక్కగా పెంచుకుంటూ పోవడాన్ని 2023 నవంబరులో కేంద్రం మోసపు పద్ధతుల జాబితాలో పెట్టింది. అందులో మొత్తం 13 పద్ధతులున్నాయి. మీ ఫోనులో ఒక విమానం టికెట్టు కొని చూడండి, ఎన్ని కనిపిస్తాయో లెక్కపెట్టుకోవచ్చు. కిటికీ సీటుకు డబ్బు, కాళ్లు చాపుకునే సీటుకు ఇంకా ఎక్కువ డబ్బు. విమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడే. 2024 డిసెంబరులో కోల్‌కతా విమానాశ్రయంలో పది రూపాయలకు టీ ఇచ్చే దుకాణం తెరిపించారు. మంచి పని. భోగాపురం విమానాశ్రయంలోనూ ఆ టీ దుకాణం ఉండాలని ఇక్కడి నుంచే అర్జీ పెట్టుకుంటున్నాను.

విమానం ఎక్కేవాడు ఎలాగోలా ఏడుస్తాడు. మరి రైలు మాటేమిటి? పాఠకులు క్షమించాలి, ఈ సంగతి నేను ఈ శీర్షికలో రాయడం ఇది ఎన్నోసారో నాకే గుర్తులేదు. 2020 మార్చి 20 దాకా 60 దాటిన మగవాళ్లకు టికెట్టులో 40 శాతం, 58 దాటిన ఆడవాళ్లకు 50 శాతం రాయితీ ఉండేది. కరోనా పేరు చెప్పి ఎత్తేశారు. కరోనా పోయింది, రాయితీ రాలేదు. ప్యాసింజరు బళ్లకు ఎక్స్‌ప్రెస్ పేరు తగిలించి, కనీస చార్జీ 10 నుంచి 30 రూపాయలు చేసినదీ ఆ రోజుల్లోనే. అది 2024 ఫిబ్రవరిలో వెనక్కి వచ్చింది. పెద్దవాళ్ల రాయితీ మాత్రం రాలేదు. ఒక్క 2022-23లోనే దీనివల్ల రైల్వేకు అదనంగా సుమారు 2,242 కోట్లు వచ్చాయని సమాచార హక్కు దరఖాస్తుతో బయటపడింది. పలాస నుంచో ఆమదాలవలస నుంచో విశాఖ కేజీహెచ్‌ ఆసుపత్రికి చూపించుకోవడానికి వెళ్లే ముసలిదానికి అది విహారం కాదు. మూడో వంటకమూ కాదు. ఓడవాడు కొత్తగా వడ్డించేది తగ్గిస్తున్నాడు, మనవాళ్లు విస్తట్లో ఉన్నదే తీసేశారు.

ఓడ ధరల్లో మాయ కొత్తదేమీ కాదు. 1906లో చిదంబరం పిళ్లై తూత్తుకుడిలో స్వదేశీ ఓడల కంపెనీ పెడితే, బ్రిటిష్ ఇండియా కంపెనీ టికెట్టు రూపాయికి దించింది. తర్వాత ఊరికే ఎక్కించుకుని పైగా గొడుగు కూడా ఇస్తామందని చెబుతారు. 1908లో పిళ్లై జైలుకెళ్లాడు, 1911కల్లా ఆయన కంపెనీ మూతపడింది. గొడుగులు ఆ తర్వాత కనిపించలేదు.

ఆ బ్రిటిష్ ఇండియా ఓడలే మన తీరానికీ వచ్చేవి. బారువ, కళింగపట్నం, భీమిలి దగ్గర లంగరు వేస్తే, మసూలా పడవల్లో అలలు దాటి వెళ్లి ఓడ ఎక్కేవారు. మా తాత అలాగే రంగం పోయాడు. రంగూన్ అని పుస్తకాల్లో రాసుకుంటాం గాని మా ఇళ్లలో అది ఎప్పుడూ రంగమే. డెక్ టికెట్టు. పడుకోవడానికి చాప వేసుకునేంత జాగా, పైన ఆకాశం. అటుకులు, బెల్లం, ఎండుచేపలు ఎవరి మూట వాళ్లదే. టికెట్టులో ఏమీ కలవలేదు, కలిసిందని ఎవడూ చెప్పనూ లేదు. అసలు వడ్డన రంగంలో దిగాక. టికెట్టు కొనిపెట్టిన మేస్త్రీ ఆ బాకీని కూలిలో కోసుకునేవాడు. ఎన్నాళ్లు కోసినా తీరని బాకీ అది.

ఇప్పుడు ఆ మూడు రేవుల్లో ఓడ ఆగదు. విశాఖలో దాదాపు 96 కోట్లతో 2023 సెప్టెంబరులో విహార ఓడల టెర్మినల్ తెరిచారు. దానికి ఏడాది ముందు, 2022 జూన్‌లో విశాఖ నుంచి బయల్దేరిన కార్డీలియా ఓడను, కాసినో గొడవ లేచి పుదుచ్చేరిలో ప్రభుత్వం ఆగనివ్వలేదు. ఎంత డబ్బు కట్టినా ఒక ఊరు టికెట్టులోంచి జారిపోయింది. సరే, టెర్మినల్ ఉండనివ్వండి, వద్దనను. కానీ శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రం ఉంది. రాష్ట్రంలో మరే జిల్లాకూ అంత పొడవు లేదు. ఇంత తీరంలో మరపడవ సుఖంగా కట్టుకునే చోటు కోసం మా జాలర్లు తరాలుగా ఎదురుచూశారు. అందుకే డి.మత్స్యలేశం కుర్రాళ్లు రైలెక్కి గుజరాత్‌లోని వేరావల్ పోయి, వేరేవాళ్ల బోటు నడిపే తండేళ్లవుతారు. 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయింది వీళ్లనే. 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికి చేరారు. వాళ్ల కథతో సినిమా వచ్చింది, అందరం చూశాం, కళ్లు తుడుచుకున్నాం. వేరావల్ బళ్లు మాత్రం సీజనుకు నిండుగానే వెళ్తున్నాయి.

అప్ప విషయానికొస్తే, మళ్లీ ఓడ ఎక్కితే అండమాన్‌కే ఎక్కుతానంటోంది. బావ పినతండ్రి కొడుకులు అక్కడ స్థిరపడ్డారు. మా వైపు ఏ ఊరు చూసినా అండమాన్లో ఒక కుటుంబం ఉంటుంది. విశాఖ నుంచి సర్కారు ఓడ, బంక్ క్లాసు. మూడు రోజులకు సరిపడా అటుకులు, బెల్లం తనే మూట కడుతుందట. బావ మాత్రం దారిలో మంచి కాఫీ దొరుకుతుందా అని అడుగుతున్నాడు.